ఎంసీవీ, ఫెరిటిన్, రెటిక్, ఎల్‌డీహెచ్: ఏది ఏ రక్తహీనతో తేల్చుకోవడం ఎలా?

లేతకణం (ప్రశ్న)

నమస్కారం అండి. ప్రాక్టీసు కోసం ఇచ్చిన మూడు కేసులు ఇవి. మూడింటిలోనూ రక్తహీనత ఉందని చూడగానే తెలుస్తోంది. ఏ రకమో తేల్చడం దగ్గరే చిక్కు. ముగ్గురూ పెద్దవాళ్లే.

కేసు 1: మహిళ. హిమోగ్లోబిన్ 10.8, ఎర్రకణాలు 56 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 61, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో సగటు హిమోగ్లోబిన్) 19.3, ఆర్డీడబ్ల్యూ (కణాల పరిమాణాల్లో తేడా) 17. ఫెరిటిన్ (ఐరన్ నిల్వను చూపే ప్రోటీన్) 11. హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాలను విడదీసే పరీక్ష) హిమోగ్లోబిన్ ఏ2 3.4 శాతం. రిపోర్టు కింద "తలసీమియా ట్రెయిట్ లేదు" (అంటే తలసీమియా జన్యువును మోస్తున్న మనిషి కాదు) అని రాసి ఉంది.

కేసు 2: పురుషుడు, చాలాకాలంగా కీళ్లవాతం. హిమోగ్లోబిన్ 8.4, ఎర్రకణాలు 41 లక్షలు, ఎంసీవీ 66, ఆర్డీడబ్ల్యూ 19.5, ప్లేట్‌లెట్లు 4.9 లక్షలు. ఫెరిటిన్ 62, సీరం ఐరన్ 22, టీఐబీసీ (రక్తం మోయగల మొత్తం ఐరన్) 310, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రోటీన్) 48.

కేసు 3: హిమోగ్లోబిన్ 7.1, ఎర్రకణాలు 19 లక్షలు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) 21.3, ఎంసీవీ 112, ప్లేట్‌లెట్లు 1.1 లక్షలు. రెటిక్ (మజ్జ నుంచి కొత్తగా వచ్చిన లేత ఎర్రకణాలు) 3 శాతం. ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్) 2400, ఇండైరెక్ట్ బిలిరుబిన్ 1.6, హాప్టోగ్లోబిన్ (బయటపడ్డ హిమోగ్లోబిన్‌ను పట్టుకునే ప్రోటీన్) తక్కువ. బీ12 260.

నా అనుమానాలు: ఒకటోది ఉత్త ఐరన్ లోపమేనా? రెండోదాంట్లో ఫెరిటిన్ నార్మల్‌గా ఉంది కాబట్టి ఐరన్ లోపం లేదనొచ్చా? మూడోది హిమోలిసిస్ (ఎర్రకణాలు రక్తంలో పగిలిపోవడం) అనుకుంటున్నాను, సరేనా?

ఆయిల్‌ఇమ్మర్షన్

లేతకణం గారూ, మూడో కేసుతోనే మొదలుపెడతాను. ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే.

రెటిక్ 3 శాతం అనగానే "మామూలుగా 0.5 నుంచి 2.5 కదా, పెరిగింది, అంటే ఎముక మజ్జ బాగానే పనిచేస్తోంది, కణాలు బయట పగులుతున్నాయి" అనిపిస్తుంది. కానీ ఆ శాతం ఎర్రకణాల్లో వంతు. ఎర్రకణాలే సగానికి పడిపోతే వంతు దానంతటదే ఉబ్బుతుంది. అందుకే హెమటోక్రిట్‌తో సరిచేస్తాం: 3 × 21.3 ÷ 45 = 1.4. దీనికి ఇంకో మెలిక ఉంది. రక్తం బాగా తగ్గినప్పుడు మజ్జ రెటిక్‌లను పచ్చిగానే బయటికి తోసేస్తుంది. మామూలుగా ఒక రోజు తిరగాల్సినవి రెండు రోజులు రెటిక్‌లుగానే తిరుగుతాయి, ఇవాళ లెక్కపెట్టినదాన్నే రేపూ లెక్కపెడతాం. హెమటోక్రిట్ 35 దగ్గరుంటే 1.5తో, 25 దగ్గరుంటే 2తో, 15 దగ్గరుంటే 2.5తో భాగించేది ఇందుకే. ఇక్కడ 2తో భాగిస్తే 0.7 వచ్చింది. మజ్జ సరిగ్గా స్పందిస్తుంటే ఈ సూచీ 2 దాటాలి, మంచి హిమోలిసిస్‌లో 3 పైనే ఉంటుంది. లెక్కలు నచ్చకపోతే మొత్తం సంఖ్య చూడండి: 19 లక్షల్లో 3 శాతం అంటే మైక్రోలీటరుకు 57 వేలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే 25 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. హిమోగ్లోబిన్ 7కి దిగినా 57 వేలే ఉన్నాయంటే మజ్జ చేతులెత్తేసినట్టే.

మరి ఎల్‌డీహెచ్ అంత ఎందుకు పెరిగింది? కణాలు చనిపోతున్న మాట నిజమే, కాకపోతే రక్తనాళాల్లో కాదు, మజ్జలోనే. మెగాలోబ్లాస్టిక్ రక్తహీనతలో (బీ12 లేదా ఫోలేట్ లోపంతో వచ్చేది) డీఎన్‌ఏ తయారీ దెబ్బతిని, పెద్దగా ఊరిన కణాలు బయటికి రాకముందే పగిలిపోతాయి. దాంతో ఎల్‌డీహెచ్ వేలల్లోకి ఎక్కుతుంది, బిలిరుబిన్ కొంచెం పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ తరిగిపోతుంది. బయోకెమిస్ట్రీ కాగితం ఒక్కటే చూస్తే అచ్చం హిమోలిసిస్. రెటిక్ పక్కన పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గడం ఈ కథకు సరిపోతుంది, లోపం మూడు రకాల కణాలకూ తగులుతుంది.

ఇక స్మియర్ (గాజు స్లైడుమీద పరిచిన రక్తపు పొర) తీయండి. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఎర్రకణాలు కనిపించాలి. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) వంద లెక్కపెట్టి, అయిదు లోబులవి అయిదు అంతకంటే ఎక్కువ ఉన్నా, ఆరు లోబులది ఒక్కటి కనిపించినా హైపర్‌సెగ్మెంటేషన్ అని రాయొచ్చు. లోబు అనడానికి మధ్యలో దారంలాంటి పోగు ఉండాలి. కేంద్రకం వంపు తిరిగినచోటల్లా లోబు అనుకుని లెక్కపెట్టేస్తే అందరికీ మెగాలోబ్లాస్టిక్ అంటగట్టేస్తాం.

ఐరన్‌లెక్క

రెండో కేసు నేను తీసుకుంటాను.

ఫెరిటిన్ ఐరన్ నిల్వను చెబుతుంది, నిజమే. అదే సమయంలో వాపు ఉన్నప్పుడు లివరు పెంచే ప్రోటీన్ కూడా అదే. సీఆర్‌పీ 48 ఉన్న మనిషిలో 62ని "నార్మల్" అనకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 15 కంటే తక్కువైతే ఐరన్ లోపమని, ఇన్ఫెక్షన్ గానీ ఇన్‌ఫ్లమేషన్ గానీ ఉంటే 70 కంటే తక్కువైనా లోపంగానే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకం చెబుతుంది. క్లినిక్‌లో చాలామంది 15 దాకా ఆగరు, 30 కిందకు రాగానే లోపం అంటారు. అది సబబే, 15 దగ్గర గీత గీస్తే లోపం ఉన్నవాళ్లు చాలామంది తప్పించుకుపోతారు.

ట్రాన్స్‌ఫెరిన్ (ఐరన్‌ను మోసే ప్రోటీన్) సాచురేషన్, అంటే అది ఎంత నిండిందో చూడండి: 22 ÷ 310 × 100 = 7 శాతం. 16 కంటే బాగా కింద. దీర్ఘరోగంలోనూ సీరం ఐరన్ పడిపోతుంది కాబట్టి సాచురేషన్ తక్కువన్నంత మాత్రాన ఐరన్ లోపమని తేలిపోదు. తేడా టీఐబీసీలో ఉంటుంది. ఉత్త ఐరన్ లోపంలో అది తరచూ 400 దాటుతుంది, ఉత్త దీర్ఘరోగపు రక్తహీనతలో 250 లోపలికి జారుతుంది. ఇక్కడ 310, రెంటికీ మధ్యలో ఉంది. దీనికి తోడు ఎంసీవీ 66. దీర్ఘరోగపు రక్తహీనత ఒక్కటే అయితే ఎంసీవీ ఇంత కిందకి రావడం అరుదు, చాలామందిలో నార్మల్‌గానే ఉంటుంది, తగ్గినా కొద్దిగానే తగ్గుతుంది. కాబట్టి నా ఓటు రెండూ కలిసి ఉన్నాయన్నదానికే.

గట్టిగా తేల్చాలంటే సాల్యుబుల్ ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ (కణాలకు ఐరన్ కొరత ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) చేయించాలి. ఇన్‌ఫ్లమేషన్ దాన్ని పెద్దగా కదపదు. ఆ విలువను ఫెరిటిన్ లాగరిథంతో భాగిస్తే వచ్చే సూచీ 2 దాటితే ఐరన్ లోపం ఉన్నట్టు, 1 కంటే తక్కువైతే ఉత్త దీర్ఘరోగం. కాకపోతే ఈ రిసెప్టర్ కిట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో యూనిట్‌లో చెబుతాయి, ఒకదాని గీత ఇంకోదానికి పనికిరాదు. మీ ఎనలైజర్‌లో రెటిక్ హిమోగ్లోబిన్ వస్తుంటే అది ఇంకా సులువు. 29 పికోగ్రాముల కంటే తక్కువైతే ఈ రెండు మూడు రోజుల్లో తయారైన కణాలకు ఐరన్ అందలేదన్నమాట. అదీ చిక్కులేనిది కాదు, తలసీమియా ట్రెయిట్‌లోనూ తగ్గుతుంది.

పురుషుడిలో ఐరన్ లోపం తేలితే అక్కడితో పని అయిపోదు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. కీళ్లవాతానికి నొప్పిమాత్రలు వాడేవాళ్లలో కడుపులోంచి మెల్లగా కారడం మామూలే.

హెచ్‌పీఎల్‌సీ_గది

మొదటి కేసు రిపోర్టులో "ట్రెయిట్ లేదు" అని రాసినవాళ్లు తొందరపడ్డారు.

ఎర్రకణాలు 56 లక్షలు ఉండి ఎంసీవీ 61 ఉండటమే మొదటి అనుమానం. ఐరన్ లేకపోతే మజ్జ చిన్న కణాలు చేస్తుంది, అవీ తక్కువగా చేస్తుంది. ట్రెయిట్‌లో కణాలు చిన్నవే గానీ సంఖ్య మాత్రం బోలెడు. మెంట్‌జర్ సూచీ పట్టుకునేది ఈ తేడానే: ఎంసీవీని మిలియన్లలో ఎర్రకణాలతో భాగిస్తే 61 ÷ 5.6 = 10.9. 13 కంటే తక్కువైతే ట్రెయిట్ వైపు, ఎక్కువైతే ఐరన్ లోపం వైపు. మీ రెండో కేసులో 66 ÷ 4.1 = 16.

మరి ఏ2 3.4 శాతమే కదా, 3.5 దాటలేదు కదా అంటారా? ఫెరిటిన్ 11 చూడండి. ఐరన్ లోపంలో డెల్టా గొలుసుల (ఏ2లో ఉండే ప్రోటీన్ గొలుసులు) తయారీ తగ్గి ఏ2 కిందకి దిగుతుంది. ట్రెయిట్ ఉన్న మనిషికి ఐరన్ కూడా లేకపోతే 4 ఉండాల్సింది 3.4 దగ్గర ఆగొచ్చు. 3.2 నుంచి 3.5 మధ్య వచ్చిన ప్రతిదాన్నీ ఫెరిటిన్ పక్కన పెట్టుకునే చదవాలి. ఇక్కడ రాయాల్సింది "బోర్డర్‌లైన్, ఐరన్ లోపం సరిచేసి సుమారు మూడు నెలలకు మళ్లీ చేయించాలి" అని. గర్భిణి అయితే మాత్రం మూడు నెలలు ఆగే వ్యవధి ఉండదు. భర్త సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ వెంటనే చేయాలి, అవసరమైతే నేరుగా డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లాలి.

తిరగబడే సంగతి కూడా ఉంది. బీ12, ఫోలేట్ లోపాల్లో ఏ2 కొంచెం పెరుగుతుంది, ట్రెయిట్ లేనివాళ్లకు ఉన్నట్టు కనిపించొచ్చు. ఏ2 కిటికీలో 10 శాతం దాటి వస్తే అది ఏ2 కాదు, హిమోగ్లోబిన్-ఈ అనే మరో రకం అక్కడే కూర్చుంటుంది. ఆల్ఫా తలసీమియా ట్రెయిట్‌లో ఏ2 నార్మల్‌గానో కాస్త తక్కువగానో వస్తుంది, హెచ్‌పీఎల్‌సీ చూసి "ఏమీ లేదు" అనడానికి లేదు. ఫెరిటిన్ బాగుండి, ఏ2 బాగుండి, ఎంసీవీ మాత్రం 70 దగ్గరే ఆగిపోతే ఆల్ఫా జీన్ పరీక్ష అడగాలి.

ఆయిల్‌ఇమ్మర్షన్

హెచ్‌పీఎల్‌సీ గది గారూ, ఏ2 సంగతి ఒప్పుకుంటాను, మెంట్‌జర్ దగ్గర మాత్రం నాకు పేచీ. ఏది ముందు చేయించాలో వరస పెట్టుకోవడానికే అది పనికొస్తుంది, రిపోర్టులో రాయడానికి కాదు. ఇలా రెండూ కలిసి ఉన్నప్పుడు, పిల్లల్లో, గర్భిణుల్లో అది రెండువైపులా తప్పుతుంది. సూచీ 14 వచ్చిందని ఏ2 మానేయడం నాకు అస్సలు నచ్చని అలవాటు.

హెచ్‌పీఎల్‌సీ_గది

దాంట్లో తగువేం లేదండి. సూచీ ఎంత వచ్చినా పెళ్లికి, గర్భానికి ముందు చేసే స్క్రీనింగ్‌లో ఎంసీవీ 80 కంటే, ఎంసీహెచ్ 27 కంటే తక్కువైన ప్రతి శాంపిలూ హెచ్‌పీఎల్‌సీకి రావాల్సిందే.

లేతకణం

చాలా థాంక్స్ అండి. రెండు చిన్న ప్రశ్నలు. మూడో కేసులో బీ12 260 అంటే రేంజ్‌లోనే ఉంది కదా, మెగాలోబ్లాస్టిక్ అని ఎలా అంటాం? ఇంకోటి, రెటిక్ చేత్తో లెక్కపెట్టినప్పుడు ఇద్దరికి రెండు రకాలుగా వస్తోంది, ఒకరికి 1.4, ఇంకొకరికి 0.8. తప్పు ఎక్కడ?

ఐరన్‌లెక్క

బీ12 సంగతి: 200 కంటే తక్కువైతే లోపమే, 300 దాటితే చాలావరకు లోపం లేనట్టు, మధ్యలో అనుమానం. మీది ఆ మధ్యలోనే పడింది. అక్కడ మిథైల్‌మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ చేయించాలి. రెండూ పెరిగితే బీ12 లోపం. హోమోసిస్టీన్ ఒక్కటే పెరిగి మిథైల్‌మలోనిక్ మామూలుగా ఉంటే ఫోలేట్ వైపు చూడాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో రెండూ ఊరికే పెరుగుతాయి, క్రియాటినిన్ చూడకుండా మాట్లాడకూడదు. హోమోసిస్టీన్ శాంపిల్ తీయగానే ఐస్‌లో పెట్టి త్వరగా సెంట్రిఫ్యూజ్ చేయాలి, లేకపోతే కణాల్లోంచి కారి విలువ పెరుగుతూ పోతుంది.

బీ12 తప్పుగా నార్మల్ రావడానికి ఇంకో దారి ఉంది. పర్నీషియస్ అనీమియాలో (ఒంటి రక్షణ వ్యవస్థే బీ12 పీల్చుకోవడాన్ని అడ్డుకునే జబ్బు) ఉండే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ (బీ12ను పేగు పీల్చుకోవడానికి కావాల్సిన ప్రోటీన్) యాంటీబాడీలు, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌నే పట్టుగా వాడే పరీక్షల్లో అడ్డుపడి విలువను పైకి చూపిస్తాయి. స్మియర్ మెగాలోబ్లాస్టిక్ అని అరుస్తూ, బీ12 మాత్రం బాగుందంటుంటే స్మియర్‌నే నమ్మండి. ఆ యాంటీబాడీ పాజిటివ్ వస్తే రోగం దాదాపు ఖాయం, నెగటివ్ వస్తే లేదని చెప్పలేం.

ఫోలేట్ సీరంలో చూస్తే ఈమధ్య తిన్న తిండినే చెబుతుంది. శాంపిల్ హిమోలైజ్ అయితే ఎర్రకణాల్లోని ఫోలేట్ కలిసి ఇంకా ఎక్కువ చూపిస్తుంది. బీ12 తేలకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మొదలుపెడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం లోపల ముదురుతూ పోతుంది. ఎంసీవీ 100 దాటిన ప్రతిదీ విటమిన్ లోపం కాదని కూడా గుర్తుంచుకోండి. మద్యం, లివరు జబ్బు, థైరాయిడ్ తగ్గడం, హైడ్రాక్సీయూరియా, జిడోవుడిన్ లాంటి మందులు, ఎమ్‌డీఎస్ (మజ్జ కణాలను సరిగ్గా తయారుచేయలేని జబ్బు) అన్నీ అదే పని చేస్తాయి. లివరు జబ్బులో పెద్ద కణాలు గుండ్రంగా ఉంటాయి, న్యూట్రోఫిల్ లోబులు మామూలుగానే ఉంటాయి.

నీలిరంగు

రెటిక్ గురించి నేను చెబుతాను. 1.4కి, 0.8కి తేడా తప్పు కాకపోవచ్చు. వెయ్యి కణాల్లో పది రెటిక్‌లు ఉన్న శాంపిల్‌ను మళ్లీ మళ్లీ లెక్కపెడితే ఉత్త యాదృచ్ఛికత వల్లే 4 నుంచి 16 దాకా రావచ్చు. అంటే 0.4 నుంచి 1.6 శాతం! ఒక్క దశాంశ స్థానం దగ్గర గొడవపడటం దండగ. తగ్గించుకోవాలంటే ఎక్కువ కణాలు చూడాలి, దానికి మిల్లర్ డిస్క్ ఉంది. ఐపీస్‌లో పెట్టే ఆ గాజుబిళ్లలో పెద్ద చదరం, దాని మూలన తొమ్మిదో వంతు చిన్న చదరం ఉంటాయి. చిన్నదాంట్లో ఎర్రకణాలు, పెద్దదాంట్లో రెటిక్‌లు లెక్కపెట్టి, రెటిక్‌లను వందతో గుణించి, ఎర్రకణాలు × 9తో భాగించాలి. చిన్న చదరంలో 112 ఎర్రకణాలు చూస్తే వెయ్యి చూసినట్టే.

రంగు వేసే దగ్గర జరిగే పొరపాట్లు వేరే. న్యూ మిథిలీన్ బ్లూ, ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) కలిసిన రక్తం రెండేసి చుక్కలు సమానంగా కలిపి 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. రక్తహీనత బాగా ఉంటే రక్తం ఇంకో చుక్క ఎక్కువ వేయాలి. స్మియర్ లాగేముందు ట్యూబును మళ్లీ నెమ్మదిగా కలపడం మర్చిపోతారు, సగం తప్పులకు మూలం ఇదే. రెటిక్‌లు పక్వ కణాలకంటే తేలిక, నిలబెడితే పైకి చేరతాయి. పైనుంచి తీసుకున్నవాళ్లకు ఎక్కువ, అడుగునుంచి తీసుకున్నవాళ్లకు తక్కువ వస్తుంది. రంగు వడగట్టకపోతే దాని పొడి కణాలమీద పడి రెటిక్‌లా కనిపిస్తుంది. ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పి చూడండి: పొడి కణం పైన వేరే మట్టంలో తేలుతుంది, రెటిక్ పోగులు కణంతోపాటే ఫోకస్‌లోకి వస్తాయి. స్లైడ్ సరిగ్గా ఆరకపోతే వచ్చే మచ్చలు తళతళా మెరుస్తాయి, రెటిక్ మెరవదు. అంచుకు అతుక్కున్న గుండ్రటి చుక్కలైతే హైన్జ్ బాడీలు (పాడై ముద్దకట్టిన హిమోగ్లోబిన్), జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం వైపు ఆలోచించండి. కణమంతా గోల్ఫ్ బంతిలా సమానంగా గుంతలు కనిపిస్తే హిమోగ్లోబిన్-హెచ్, అంటే ఆల్ఫా తలసీమియా.

జీ6పీడీ అన్నాను కాబట్టి ఒక మాట: ఎర్రకణాలు పగులుతున్న వారంలో ఆ పరీక్ష చేయకండి. ఎంజైమ్ లేని ముసలి కణాలన్నీ అప్పటికే పోయి, ఎంజైమ్ ఎక్కువున్న లేత కణాలే మిగిలి ఉంటాయి, ఫలితం నార్మల్ వస్తుంది. దాదాపు మూడు నెలలు ఆగి చేయాలి.

ఎరుపునీడ

అందరూ జబ్బుల గురించి చెప్పారు, శాంపిలే మోసం చేసే సంగతి ఒకటి చేర్చనివ్వండి. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సాంద్రత) 37 దాటిందంటే ముందు శాంపిల్‌ను అనుమానించండి. కణంలో హిమోగ్లోబిన్ అంతకంటే పట్టడానికి పెద్దగా చోటు లేదు.

ఉదాహరణకు ఇలాంటి రీడింగ్: హిమోగ్లోబిన్ 8.2, ఎర్రకణాలు 11 లక్షలు, ఎంసీవీ 125, ఎంసీహెచ్‌సీ 59. ఎంసీవీ చూసి బీ12 అడిగితే పప్పులో కాలేసినట్టే. చల్లదనానికి కణాలు గుత్తులుగా అతుక్కుని, మిషన్ ఒక్కో గుత్తిని ఒక్కో పెద్ద కణంగా లెక్కపెట్టింది. హిమోగ్లోబిన్ కొలిచేటప్పుడు కణాలన్నీ పగులుతాయి కాబట్టి అదొక్కటే నిజం. ట్యూబును 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 30 నిమిషాలు వేడిచేసి, చల్లారకముందే మళ్లీ నడిపితే ఎర్రకణాలు 26 లక్షలు, ఎంసీవీ 95, ఎంసీహెచ్‌సీ 33 అలా వస్తాయి. వేడిచేయకముందు ట్యూబును వంచి చూస్తే గాజు గోడమీద సన్నటి రవ్వలా కనిపిస్తుంది. అప్పుడు అడగాల్సింది డైరెక్ట్ కూంబ్స్ (ఎర్రకణాలకు యాంటీబాడీ లేదా కాంప్లిమెంట్ అంటుకుందేమో చూసే పరీక్ష), అందులో సీ3డీ (కాంప్లిమెంట్ ముక్క) పాజిటివ్ వస్తుందేమో చూడాలి.

ఎంసీహెచ్‌సీ పెరిగి ఎర్రకణాలు, ఎంసీవీ మాత్రం బాగున్నాయంటే అది గుత్తులు కాదు, ప్లాస్మాలో కొవ్వు. హిమోగ్లోబినే తప్పుగా పెరిగింది. ట్యూబు కాసేపు నిలబెడితే పైన పాలలా తేలుతుంది. రెండూ కాకుండా నిజంగానే 36, 37 ఉంటే స్మియర్‌లో మధ్య తెలుపు లేని స్ఫెరోసైట్లు (గోళంలా మారిన ఎర్రకణాలు) వెతకండి. కూంబ్స్ పాజిటివ్ అయితే ఆటోఇమ్యూన్, నెగటివ్ అయితే వంశపారంపర్య స్ఫెరోసైటోసిస్ అనుమానించి ఈఎంఏ బైండింగ్ (ఆ జబ్బును తేల్చే పరీక్ష) చేయించాలి.

ఈడీటీఏ రక్తం బయట 24 గంటలు ఉంటే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, ఎంసీవీ పెరుగుతుంది. ఐరన్ లోపపు 78 కాస్తా 82 అయి నార్మల్‌లో కలిసిపోతుంది. స్మియర్ రెండు, మూడు గంటల్లోపే లాగాలి. సీరం ఐరన్‌కైతే ఉదయం పరగడుపున తీసిన శాంపిల్ కావాలి, ఐరన్ మాత్ర కనీసం 24 గంటల ముందునుంచి ఆపాలి. మాత్ర వేసుకున్న రెండు, మూడు గంటలకు తీస్తే సాచురేషన్ ఎక్కడికో ఎగిరిపోతుంది. ఐరన్ ఇంజెక్షన్ అయ్యాక నాలుగు వారాల దాకా ఫెరిటిన్ చూసి ఏమీ చెప్పలేం.

ఆయిల్‌ఇమ్మర్షన్

ఎరుపునీడ గారు స్మియర్ అన్నారు కాబట్టి ఇంకో రెండు. ఎంసీవీ 88 ఉండి ఆర్డీడబ్ల్యూ 22 ఉంటే "నార్మోసైటిక్" అని వదిలేయకండి. హిస్టోగ్రామ్‌లో రెండు గుట్టలు ఉంటాయి. ఐరన్, బీ12 రెండూ లేనివాళ్లలో చిన్నవీ పెద్దవీ కలిసి సగటు మధ్యలో పడుతుంది. ఈమధ్యే రక్తం ఎక్కించినా, ఐరన్ మందు పని చేయడం మొదలైనా అలాగే కనిపిస్తుంది.

ఇంకోటి, ఇది వెంటనే ఫోన్ చేయాల్సిన విషయం: ప్లేట్‌లెట్లు బాగా తక్కువ, రెటిక్ ఎక్కువ, స్మియర్‌లో హెల్మెట్‌లా, ముక్కల్లా విరిగిన కణాలు. కూంబ్స్ నెగటివ్. ఇది టీటీపీ (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రాణాంతక జబ్బు) కావచ్చు. ఏడీఏఎంటీఎస్13 (ఆ జబ్బులో బాగా తగ్గిపోయే ఎంజైమ్) శాంపిల్ ప్లాస్మా మార్పిడికి ముందే తీయాలి, ఫలితం కోసం చికిత్స ఆపకూడదు. ఆ స్లైడ్ రేపు చూద్దాంలే అని ట్రేలో పెట్టేది కాదు.

హెచ్‌పీఎల్‌సీ_గది

రక్తం ఎక్కించడం మాట వచ్చింది కాబట్టి: లేతకణం గారి మూడో కేసులాగా హిమోగ్లోబిన్ 7 ఉన్నప్పుడు వార్డు నుంచి ముందు వచ్చేది రక్తం కావాలన్న చీటీయే. బ్యాగు కట్టేముందే ఒక ఈడీటీఏ ట్యూబు, ఒక సీరం ట్యూబు అదనంగా తీసి పక్కన పెట్టమనండి. ఎక్కించాక ఎంసీవీ, స్మియర్, బీ12, ఫోలేట్ అన్నిట్లోనూ దాత రక్తం కలిసిపోతుంది, హెచ్‌పీఎల్‌సీ అయితే మూడు నెలలకు గానీ పనికిరాదు.